చీనీ ఆకు మీద వెండి గీతలు

మన హాస్టల్ వెనుక, చేతులు కడుక్కునే తొట్టి పక్కనున్న నిమ్మచెట్టు అందరికీ తెలిసిందే. దాని లేత ఆకులను ఎప్పుడైనా పరిశీలించారా? వెండి తీగతో ముగ్గు వేసినట్టు వంకర టింకర గీతలుంటాయి. చెన్నూరులో తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో మేము వాటిని నత్త పాకిన జాడలనుకునేవాళ్లం. ఎమ్మెస్సీ జంతుశాస్త్రంలో చేరాక గానీ అసలు సంగతి తెలియలేదు.

ఆ గీత ఒక రెక్కల పురుగు పిల్ల తిన్న దారి. రైతులు ఆకుముడత పురుగు అంటారు. శాస్త్రీయ నామం ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా. 1856లో స్టెయింటన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త కలకత్తా నమూనాలను చూసి దీనికి పేరు పెట్టాడు. 1993లో అమెరికాలోని ఫ్లోరిడా తోటల్లోనూ కనిపించింది.

తల్లి పురుగు రెక్కలు చాపినా సుమారు 4 మిల్లీమీటర్లే. తెల్లటి రెక్కలు, వాటి చివర ఒక్కో నల్ల చుక్క. పొద్దుగూకాక తిరుగుతూ లేత చిగురాకుల మీద ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. ముదురాకు దానికి పనికిరాదు. 2 నుంచి 10 రోజుల్లో గుడ్డు పొదుగుతుంది. పిల్ల బయటికి రాకుండా నేరుగా ఆకు పైపొర కిందికి దూరిపోతుంది. కాళ్లుండవు, ఒళ్లు బల్లపరుపుగా ఉంటుంది. కణాలను కోసి రసం పీలుస్తూ ముందుకు పోతుంది. పైకి లేచిన పొర కింద గాలి చేరడం వల్లే ఆ వెండి మెరుపు.

గీతను జాగ్రత్తగా చూస్తే పురుగు వయసు తెలుస్తుంది. మొదట దారంలా సన్నగా ఉంటుంది, పిల్ల పెరిగేకొద్దీ వెడల్పవుతుంది. మధ్యలో సాగే నల్లటి చార దాని మలం. వెడల్పు కొసను ఎండకు ఎత్తి పట్టి చూస్తే లేత పసుపు రంగు పిల్ల కనబడుతుంది. పెరగడం పూర్తయ్యాక ఆకు అంచును పట్టుదారంతో మడిచి, అందులో కోశస్థ దశ గడిపి, రెక్కలతో బయటపడుతుంది. మొత్తం బతుకు వేడిలో సుమారు రెండు వారాలు, చలిలో ఏడు వారాల దాకా.

ఇదంతా పరీక్షల కోసం చదివిన పాఠమే. అయితే చదువుతుంటే మాకు పులివెందుల దగ్గరి మా పెద్దనాయన గుర్తొచ్చాడు. మేము ఇంటర్‌లో ఉండగా ఆయన అప్పు చేసి అర ఎకరంలో చీనీ మొక్కలు నాటాడు. మరుసటి ఏడు ఆకులు ముడుచుకున్నాయి. "ఏందో తెగులురా, చెట్టంతా ముడుచుకపోతాంది" అని అంగడికి పోయి, వాళ్లిచ్చిన మందు మూడుసార్లు కొట్టాడు. ముడత విప్పుకోలేదు. ఎట్లా విప్పుకుంటుంది? ఆకు ముదిరి ముడిచేనాటికి పురుగు ఎగిరిపోయి ఉంటుంది. ముడిచిన ఆకు పురుగు పోయినా ముడిచే ఉంటుంది. పైగా ఆ మందు, ఈ పిల్లలను తినే చిన్న కందిరీగలను చంపుతుంది.

అందుకే ముందు గుర్తుపట్టాలి. ముడతతో పాటు వెండి గీత ఉంటే ఇదే. గీత లేకుండా జిగురు, గుంపులుగా పురుగులు ఉంటే పేనుబంక. టమాటా ఆకు మీది పాముపొడ గీతలు చాలావరకు ఒక ఈగ పిల్ల పని, అది వేరే జాతి. ఇంకో సంగతి, ఈ పురుగు చేసిన గాయాల గుండా గజ్జి తెగులు సులభంగా ఎక్కుతుంది.

నష్టమంతా నర్సరీకి, నాలుగేళ్లలోపు మొక్కలకే. పెద్ద చెట్టు తట్టుకుంటుంది. చిన్న మొక్కలకైతే చిగురు వేసే రోజుల్లోనే, లేత ఆకుల మీద 5 శాతం వేపగింజల కషాయం కొట్టాలి. యూరియా ఎక్కువ వేస్తే చిగుర్లు ఆగకుండా వస్తాయి, పురుగుకు విందే.

మొన్న సంక్రాంతికి పోయినప్పుడు పెద్దనాయన చేతికి ఒక చిగురాకు ఇచ్చి ఎండకు పట్టి చూడమన్నాం. చాలాసేపు చూశాడు. "ఇంత పురుగుకా నేను మూడు డ్రమ్ములు కొట్టింది?" అన్నాడు. చెట్లు ఇప్పుడు కాపుకొచ్చాయి. ఆకుల మీద గీతలు ఇంకా ఉన్నాయి.