సొమ్మొకరిది, సోకొకరిది: ప్రపంచ యుద్ధం గెలిచిందెవరు?

కాకినాడ నుంచి ద్రాక్షారామం మీదుగా గౌతమి ఒడ్డున కోటిపల్లి రేవు దాకా ఒక రైలు మార్గం ఉంది. 1928లో వేశారు. పట్టుమని పన్నెండేళ్లు నడిచిందో లేదో, 1940లో యుద్ధ అవసరాల పేరుతో పట్టాలు ఊడబీకి తీసుకుపోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో కోనసీమ గుమ్మం ముందు పోయిన సొమ్ము అది. యుద్ధం 1945లో ముగిసింది. ఆ పట్టాలు మళ్లీ పడేసరికి 2004 వచ్చింది.

ఆ యుద్ధం గెలిచింది మేమంటే మేమని పెద్ద దేశాలు ఇప్పటికీ తగువులాడుకుంటున్నాయి. పశ్చిమ ఐరోపాకు విజయదినం మే 8, రష్యాకు మే 9. జర్మనీ లొంగుబాటు బెర్లిన్‌లో మే 8 రాత్రి 11 దాటాక అమల్లోకి వచ్చింది. అప్పటికే మాస్కో గడియారంలో తేదీ మారిపోయింది. 2025 మేలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్, ఆ గెలుపులో తమ దేశం చేసినంత ఇంకెవరూ చేయలేదంటూ మే 8ని తమ విజయదినంగా ప్రకటించారు. అదే ఏడాది సెప్టెంబరు 3న బీజింగ్‌లో చైనా ఘనంగా కవాతు చేస్తే, అమెరికా సైనికుల త్యాగాన్ని తలుచుకుంటారా లేదా అని ట్రంపే అడిగారు.

మన అరుగుల మీద కూడా ఈ వాదన పాతదే. ఎర్రజెండా ఎగిరిన ఇంట్లో స్టాలిన్‌గ్రాడ్ కథ చెబుతారు, ఇంగ్లీషు సినిమాలు చూసిన ఇంట్లో నార్మండీ కథ చెబుతారు. రెండిళ్లలోనూ కొంత నిజం, కొంత అపోహ. విడివిడిగా చూద్దాం.

అపోహ: ఆ యుద్ధం ఎక్కడో జరిగింది, గోదావరి జిల్లాలను తాకలేదు.

వాస్తవం: 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి. అంతకుముందే యుద్ధం రంగూన్ దారిన మన ఇళ్లలోకి వచ్చేసింది. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరు మీదనే బర్మావాళ్లు అక్కడి మనవాళ్లను 'కోరంగీలు' అనేవారు. రంగూన్ రేవులో మూటలు మోసిన కూలీల్లో ఎక్కువమంది తెలుగువాళ్లే. 1931 నాటికి బర్మాలో లక్షన్నర మందికి పైగా తెలుగువాళ్లున్నారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. మార్చికల్లా నగరం జపాన్ చేతికి చిక్కింది. సుమారు 5 లక్షల మంది భారతీయులు బర్మా వదిలి పరుగు తీశారు. స్థోమత ఉన్నవాళ్లు ఓడెక్కారు, లేనివాళ్లు కొండలూ అడవులూ పట్టి నడిచారు. ఆకలితో, కలరాతో, మలేరియాతో దారిలోనే వేలమంది రాలిపోయారు. బర్మా బియ్యం రావడం ఆగి దేశమంతా ధరలు మండిపోయాయి. 1943 నాటి బెంగాల్ కరువుకు అది కూడా ఒక కారణం. ఆ కరువులో సుమారు 30 లక్షల మంది చనిపోయారని అంచనా.

అపోహ: జపాన్ సేన కాకినాడలో దిగబోయింది, ఇంగ్లీషువాళ్లు తరిమికొట్టారు.

వాస్తవం: ఆనాటి భయం నిజమే. మద్రాసు ప్రభుత్వం కార్యాలయాలను లోపలి జిల్లాలకు తరలించింది, నగరం సగం ఖాళీ అయింది. అయితే మన తీరానికి వచ్చిన నౌకల్లో దండెత్తి దిగే సైన్యం లేదు. బంగాళాఖాతంలో బ్రిటిష్ సరుకు ఓడలను ముంచడం వాళ్ల పని. కొద్ది రోజుల్లో సుమారు 20 ఓడలను ముంచి తూర్పుకు మళ్లిపోయారు. వాళ్లను తరిమే బలం ఆ వారంలో బ్రిటిష్ నౌకాదళానికి లేదు. ఏప్రిల్ 5న కొలంబో మీద దాడి చేసిన జపాన్ విమానవాహక నౌకల్లో మూడింటిని రెండు నెలల తర్వాత, జూన్‌లో, పసిఫిక్ సముద్రంలోని మిడ్‌వే దగ్గర అమెరికన్లు ముంచేశారు. జపాన్ నౌకాదళం మళ్లీ అంత బలంతో మన సముద్రం వైపు రాలేదు. కాకినాడ తీరం ఊపిరి పీల్చుకోవడంలో అమెరికాకు దక్కాల్సిన వాటా ఇది.

అపోహ: హిట్లర్‌ను ఓడించింది అమెరికా.

వాస్తవం: 1945 మేలో ఫ్రాన్స్‌లో ఇఫాప్ అనే సర్వే సంస్థ జర్మనీ ఓటమిలో ఎక్కువ పాత్ర ఎవరిదని జనాన్ని అడిగింది. నూటికి 57 మంది సోవియట్ యూనియన్ అన్నారు, 20 మంది అమెరికా అన్నారు. అదే ప్రశ్న 2004లో అడిగితే జవాబు తిరగబడింది: అమెరికాకు 58, సోవియట్‌కు 20. ఆ 59 ఏళ్లలో యుద్ధం మారలేదు, చెప్పేవాళ్లు మారారు. మధ్యలో ప్రచ్ఛన్న యుద్ధం వచ్చింది, హాలీవుడ్ వచ్చింది. 2000లో వచ్చిన 'యు-571' సినిమాలో జర్మన్ జలాంతర్గామి నుంచి ఎనిగ్మా రహస్యలిపి యంత్రాన్ని అమెరికన్లు సాధించినట్టు చూపించారు. 1941 మేలో ఆ పని చేసింది బ్రిటిష్ నావికులు. అప్పటికి అమెరికా యుద్ధంలోకే దిగలేదు. ఆ సినిమా మీద బ్రిటన్ పార్లమెంటులో గొడవయింది. అంతకంటే ముందు, 1932లోనే ఆ రహస్యలిపిని మొదట ఛేదించిన పోలండ్ గణితవేత్తల ఊసు మాత్రం ఆ గొడవలో పెద్దగా వినబడలేదు.

లెక్కకు వస్తే, యుద్ధరంగంలో చనిపోయిన జర్మన్ సైనికుల్లో నలుగురికి ముగ్గురో, ఇంకా ఎక్కువో తూర్పు రంగంలో పోయారని చాలామంది చరిత్రకారులు చెబుతారు. 1944 జూన్ 6న మిత్రరాజ్యాల సేనలు నార్మండీ తీరంలో దిగేసరికి స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్ సేన లొంగిపోయి ఏడాది దాటింది. సోవియట్ యూనియన్ పోగొట్టుకున్న ప్రాణాలు సుమారు 2 కోట్ల 70 లక్షలు. అమెరికా పోగొట్టుకున్నవి సుమారు 4 లక్షలు.

అపోహ: అయితే రష్యా ఒంటరిగా గెలిచింది.

వాస్తవం: మొదలు ఎక్కడుందో చూడాలి. 1939 ఆగస్టు 23న స్టాలిన్ హిట్లర్‌తో ఒప్పందం చేసుకున్నాడు. మరుసటి నెలలో ఇద్దరూ పోలండ్‌ను చెరిసగం పంచుకున్నారు. 1940 జూన్‌లో ఫ్రాన్స్ పడిపోయాక ఏడాది పాటు జర్మనీకి ఎదురు నిలిచింది బ్రిటన్, దాని సామ్రాజ్యం. 1941 జూన్‌లో హిట్లర్ తన మీదికే వచ్చాక గానీ సోవియట్ ఆ పోరులోకి రాలేదు. మన కమ్యూనిస్టులు అప్పటిదాకా 'సామ్రాజ్యవాద యుద్ధం' అన్నదాన్ని 'ప్రజాయుద్ధం' అనడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

ఇక సరుకు సంగతి. లెండ్-లీజ్ పథకం కింద అమెరికా సోవియట్‌కు సుమారు 1,100 కోట్ల డాలర్ల సామగ్రి పంపింది. సుమారు 4 లక్షల లారీలు, జీపులు, విమానాలు, తిండి, బూట్లు, రైలింజన్లు, రైలు పట్టాలు అందులో ఉన్నాయి. స్టాలిన్‌గ్రాడ్ నాటికి అందిన సాయం తక్కువే. అక్కడి నుంచి బెర్లిన్ దాకా ఎర్రసైన్యం అంత జోరుగా సాగడానికి ఆ లారీలు ఎంతో పనికొచ్చాయి. అమెరికా యంత్రాలు లేకపోతే గెలవలేమని 1943లో టెహ్రాన్ విందులో స్టాలినే ఒప్పుకున్నాడు. ఆ సరుకులో గణనీయమైన భాగం ఇరాన్ గుండా వెళ్లింది. 1941 ఆగస్టులో ఆ దారి తెరిచిన బ్రిటిష్ సేనల్లో భారత డివిజన్లు ఉన్నాయి.

జగ్గన్నతోట తీర్థానికి గంగలకుర్రు ప్రభలు జనం భుజాల మీద కౌశిక ఏరు దాటడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. పీకల్లోతు నీళ్లలో ఎవరి భుజం మీద బరువు ఎక్కువ పడిందో చెప్పవచ్చు. ఆ ఒక్క భుజమే ప్రభను దాటించిందని చెప్పలేం.

అపోహ: జపాన్‌ను లొంగదీసింది రెండు అణుబాంబులే.

వాస్తవం: పసిఫిక్ యుద్ధంలో సింహభాగం అమెరికాదే, సందేహం లేదు. 1945 ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి మీద అణుబాంబులు పడ్డాయి. ఆ 9వ తేదీ తెల్లవారుజామునే సోవియట్ సేన మంచూరియాలో జపాన్ మీద విరుచుకుపడింది. సోవియట్ మధ్యవర్తిత్వంతో సంధి చేసుకుందామన్న జపాన్ ఆశ ఆ రోజుతో తీరిపోయింది. లొంగుబాటుకు బాంబులు ఎక్కువ కారణమా, మంచూరియా ఎక్కువ కారణమా అన్నది చరిత్రకారుల మధ్య తేలని వాదన. వీటికి ముందు చైనా ఉంది. 1937 జూలై నుంచి ఎనిమిదేళ్లు కోటికి పైగా ప్రాణాలు పోగొట్టుకుని, పది లక్షలకు అటూఇటూగా జపాన్ సైనికులను తన గడ్డ మీద కట్టిపడేసింది.

అపోహ: బర్మాను తిరిగి గెలిచింది తెల్లసేన.

వాస్తవం: బర్మా రంగంలో పోరాడిన 14వ సైన్యానికి సేనాని విలియం స్లిమ్ ఇంగ్లీషువాడు. సైనికుల్లో అత్యధికులు భారతీయులు. గూర్ఖాలు, ఆఫ్రికన్లు, బ్రిటిష్‌వాళ్లు తక్కినవాళ్లు. 1944 మార్చి నుంచి జూలై దాకా ఇంఫాల్, కోహిమాల్లో జపాన్ సేన నడ్డి విరిగింది. వచ్చినవాళ్లలో 50 వేల మందికి పైగా చనిపోవడమో గాయపడటమో గల్లంతవడమో జరిగింది. 1945 మే 3న రంగూన్‌లో అడుగుపెట్టింది 26వ భారత డివిజన్. కోరంగీలు ప్రాణాలు అరచేత పట్టుకుని వదిలొచ్చిన నగరంలోకి మూడేళ్ల తర్వాత తిరిగి వెళ్లింది మన జవాన్లే.

2013లో లండన్‌లోని జాతీయ సైనిక మ్యూజియం, బ్రిటన్ చేసిన యుద్ధాల్లో గొప్పది ఏదని ఓటింగ్ పెట్టింది. వాటర్లూను, నార్మండీని దాటి ఇంఫాల్-కోహిమా గెలిచింది. గమనించారో లేదో, గెలిచిన యుద్ధం పేరు 'బ్రిటన్ చేసిన యుద్ధం'.

అపోహ: మనం బానిసలం, మనల్ని లాక్కెళ్లారు. ఆ గెలుపులో మనకేమిటి?

వాస్తవం: 1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో మనల్ని అడగకుండానే భారత్ యుద్ధంలో ఉందని ప్రకటించాడు. నిరసనగా మద్రాసులో రాజాజీ మంత్రివర్గం సహా కాంగ్రెస్ ప్రభుత్వాలు రాజీనామా చేశాయి. అంతవరకు నిజం. సైన్యంలో మాత్రం నిర్బంధ భర్తీ లేదు. సుమారు 25 లక్షల మంది తమంతట తామే చేరారు. జీతం కోసం చేరినవాళ్లు, ఇంటి ఆనవాయితీగా చేరినవాళ్లు, ఆకలికి చేరినవాళ్లు అందరూ ఉన్నారు. వశిష్ఠ దాటితే తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. ఇంటింటా సైనికుడున్న ఊరని 'మిలటరీ మాధవరం' అన్నారు.

ఒకే దేశంలో దారులు ఎన్నో. 1942లో క్విట్ ఇండియా అని జైలుకెళ్లినవాళ్లున్నారు. నేతాజీ వెంట ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరి ఇంఫాల్ దగ్గర ఎదుటి పక్షాన నిలిచినవాళ్లున్నారు. ఏ అంబేద్కర్ పేరు 2022లో మన కోనసీమ జిల్లాకు పెట్టుకున్నామో, ఆయన నాజీలు గెలిస్తే స్వేచ్ఛే ఉండదని నమ్మి 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడయ్యారు. ఆయన పుట్టిన మహర్ సమాజం పేరిట సైన్యంలో రెజిమెంట్ మళ్లీ ఏర్పడింది 1941లో. వీళ్లలో ఎవరినీ లెక్కలోంచి తీసెయ్యలేం. యుద్ధంలో పోయిన భారత సైనికులు సుమారు 87 వేలు. యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ మనకు పడిన బాకీ సుమారు 130 కోట్ల పౌండ్లు. లాక్కెళ్లారన్నా, మనమే వెళ్లామన్నా ఖర్చు మనదే.

అపోహ: లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టినవాళ్లే గెలిచినవాళ్లు.

వాస్తవం: 1945 సెప్టెంబరు 2న టోక్యో అఖాతంలో మిజోరీ నౌక మీద జపాన్ లొంగుబాటును తొమ్మిది దేశాల ప్రతినిధులు సంతకాలు చేసి స్వీకరించారు. సుమారు 12 వేల మంది సైనికులను కోల్పోయిన న్యూజిలాండ్ సంతకం ఉంది. ఫ్రాన్స్ సంతకం ఉంది. భారత్ సంతకం లేదు. పది రోజుల తర్వాత సింగపూర్‌లో ఆగ్నేయాసియా లొంగుబాటు జరిగినప్పుడు మన బ్రిగేడియర్ తిమ్మయ్య ఆ సభలో ఉన్నారు. సంతకం పెట్టింది మౌంట్‌బాటెన్. విచిత్రమేమిటంటే, అదే ఏడాది జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి చార్టర్ మీద రామస్వామి మొదలియార్ భారత్ తరఫున సంతకం చేశారు. స్వాతంత్ర్యం రాకముందే వ్యవస్థాపక సభ్యులమయ్యాం. వీటో ఉన్న కుర్చీ మాత్రం ఫ్రాన్స్‌కు దక్కింది.

ఆ ఫ్రాన్స్ మనకు దూరదేశమేమీ కాదు. ఎదుర్లంక రేవులో నిలబడితే గౌతమికి అవతల యానాం కనిపిస్తుంది. 1940లో ఫ్రాన్స్ హిట్లర్‌కు లొంగిపోయినా, పుదుచ్చేరి గవర్నర్ లూయీ బోన్వాఁ ఆ సెప్టెంబరులోనే, లొంగనని నిలబడ్డ డిగోల్ పక్షాన చేరాడు. అప్పటికి ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం కూడా ఆ లెక్కలోకే వచ్చింది. ఆ విధంగా అవతలి ఒడ్డు 'స్వేచ్ఛా ఫ్రాన్స్', రేపటి విజేతల కుర్చీలో భాగం. ఇవతలి ఒడ్డు బ్రిటిష్ వలస. రెండు ఒడ్లలోనూ మాట్లాడేది తెలుగే.

కొబ్బరికాయ చెట్టెక్కి దింపేవాడు ఒకడు, పీచు ఒలిచేవాడు ఇంకొకడు, లంక నుంచి పంటు మీద దాటించేవాడు వేరొకడు. అంబాజీపేట మార్కెట్లో బస్తా మీద పడేది షావుకారు గుర్తు. ఆ గుర్తు అబద్ధమని ఎవరూ అనరు, వ్యాపారంలో అతని పెట్టుబడీ ఉంది. కాయ దింపింది ఎవరని అడిగితే మాత్రం గుర్తు చూసి జవాబు చెప్పకూడదు.

మాస్కో, వాషింగ్టన్, బీజింగ్ వాదించుకునేది ఆ గుర్తు గురించే. కోటిపల్లి దగ్గర ఏ గుర్తూ లేదు. పట్టాలు ఎందుకు పీకారో చెప్పే పలక లేదు. అక్కడి నుంచి గౌతమి దాటి అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం వెళ్లాల్సిన రైలు మార్గానికి పాతికేళ్ల కిందటే మంజూరు వచ్చినా, వంతెనల స్తంభాలు లేచినా, రైలు ఇంకా ఏరు దాటలేదు.