కలరాకు పుట్టిల్లు ఎక్కడ?

విత్తనం చేతిలో ఉన్నంత మాత్రాన పంట పండదు. నేలలో పదును ఉండాలి, అదను కలిసిరావాలి, విత్తేవాడుండాలి. ఇది వ్యవసాయం చేసుకునే ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే. అయితే అంటురోగాల దగ్గరకు వచ్చేసరికి మనం దీన్ని మరచిపోతాం. సూక్ష్మజీవి పేరు తెలిస్తే చాలు, రోగం సంగతంతా తెలిసిపోయినట్లే అనుకుంటాం. ఆ జీవి ఎక్కడ ఉంటుంది, ఏ ఋతువులో పెరుగుతుంది, మన దాకా ఎలా వస్తుంది అన్నది ఆలోచించం. పరిసరాలకూ, మహమ్మారులకూ గల సంబంధాన్ని తెలుసుకోవడానికి కలరాను మించిన ఉదాహరణ లేదని నా అభిప్రాయం.

తెలంగాణలో గత్తర అని పిలిచే ఈ వ్యాధి 1817లో బెంగాలులోని జెస్సూరు ప్రాంతంలో చెలరేగి, దేశదేశాలకు పాకింది. అదే మొదటి ప్రపంచవ్యాప్త కలరా. అది మొదలు ఇప్పటికి ఏడుసార్లు ఇది లోకాన్ని చుట్టింది. ఏడవది 1961లో ఇండొనీషియాలోని సులవేసి దీవిలో మొదలై, 1970లో ఆఫ్రికాకు, 1991లో దక్షిణ అమెరికాలోని పెరూకు చేరింది. అది నేటికీ ముగియలేదు.

పూర్వం యూరపులో పెద్ద పెద్ద వైద్యులు కూడా చెడుగాలి వల్లనే కలరా వస్తుందని నమ్మేవారు. 1854లో జాన్ స్నో అనే వైద్యుడు లండనులోని బ్రాడ్ వీధిలో చనిపోయినవారి ఇళ్ళను లెక్కగట్టి, వారిలో ఎక్కువమంది ఒకే పంపు నీళ్ళు తాగినవారని చూపించాడు. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో రోగుల పేగుల్లోనూ, అక్కడి చెరువు నీటిలోనూ కామా ఆకారంలో ఉన్న సూక్ష్మజీవిని కనుగొన్నాడు. దాని పేరే విబ్రియో కలరే.

ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న మిగిలిపోయింది. రోగం లేని నెలల్లో ఈ సూక్ష్మజీవి ఎక్కడికి పోతుంది? మనుషుల పేగుల్లోనే దాక్కుంటుందని చాలాకాలం అనుకున్నారు. 1970లలో రీటా కోల్వెల్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు అమెరికాలోని చీసపీక్ అఖాతంలో, అప్పుడు కలరా జాడే లేని చోట, ఈ జీవిని కనుగొన్నారు. అంటే దీని అసలు పుట్టిల్లు మనిషి పేగు కాదు. నది సముద్రంలో కలిసే చోట ఉండే ఉప్పుటేరు నీరు. పరిస్థితులు అనుకూలించనప్పుడు ఇది చావదు. మామూలు ప్రయోగశాల పద్ధతుల్లో పెంచడానికి వీలుకాని నిద్రావస్థలో పడి ఉంటుంది. అందుకే వెదికినవారికి దొరకలేదు.

ఈ పుట్టింట్లో దానికొక తోడు ఉన్నది. నీటిలో తేలాడే కోపిపాడ్ అనే అతిచిన్న జంతువులున్నాయి. రొయ్యల జాతికి దగ్గరి చుట్టాలు. వాటి పెంకులో ఉండే కైటిన్‌ను అంటిపెట్టుకుని విబ్రియోలు బ్రతుకుతాయి. ఒక్క కోపిపాడ్ మీద వేల సంఖ్యలో ఉండవచ్చు. నీరు వేడెక్కి, ఎండ బాగా కాసి, పోషకాలు చేరితే వృక్షప్లవకాలు పెరుగుతాయి. వాటిని తిని కోపిపాడ్లు పెరుగుతాయి. వాటితోపాటే విబ్రియోలూను! పొలాల్లో వేసిన ఎరువు వానకు కొట్టుకుపోయి నీటిలో చేరినా ఈ ప్లవకాలకు మేతే అవుతుంది.

బంగ్లాదేశ్‌లో కలరా సాధారణంగా ఏడాదికి రెండుసార్లు హెచ్చుతుంది. వానలకు ముందు ఏరు సన్నగిల్లి ఉప్పునీరు లోపలికి ఎగదన్నినప్పుడు ఒకసారి. వరదలకు మురుగు, మంచినీరు ఏకమైన తర్వాత మరొకసారి. బంగాళాఖాతం ఉపరితలపు వేడికీ, అక్కడి కలరా కేసులకూ సంబంధమున్నదని ఉపగ్రహాల కొలతల ఆధారంగా 2000లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. భూమి వేడెక్కుతున్న ఈ రోజుల్లో ఇది తేలిగ్గా తీసుకోదగిన మాట కాదు.

అట్లాగని తప్పంతా ప్రకృతి మీదికి నెట్టి ఊరుకోరాదు. 2010 జనవరిలో హైతీ దేశంలో పెద్ద భూకంపం వచ్చింది. అక్టోబరులో కలరా వచ్చింది. భూకంపమే కలరాను తెచ్చిందా? లేదు. బయటి దేశం నుంచి వచ్చిన శాంతిసేన శిబిరం మురుగు ఏటిలో కలవడంతో అది మొదలైంది. పదును ప్రకృతిదే కావచ్చు గాని, అక్కడ విత్తినది మనిషే.

ఇక మా ఇంటి సంగతి ఒకటి. మాది కాలువ చివరి ఊరు. మా నాయనమ్మ చెరువు నీళ్ళు తెస్తే, బిందె మూతికి పాత చీరముక్క మడతలుపెట్టి కట్టి వడపోసేది. నేను ఇంటర్‌లో చేరిన కొత్తలో, “ఈ గుడ్డకు క్రిములు ఆగుతాయా?” అని ఎగతాళి చేశాను. “ఆగేవి ఆగుతాయిలేరా” అని తన పని తాను చేసుకున్నది. ఆమె చెల్లెలు ఏడేళ్ళ వయసులో వాంతులూ బేదులూ పట్టుకుని ఒక్క రాత్రిలో పోయిందని అమ్మ చెప్పేదాకా నాకు తెలియదు.

కాలేజీలో చేరిన తర్వాత కోల్వెల్ బృందం 2003లో ప్రచురించిన ఫలితాలు చదివాను. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో 65 గ్రామాల్లో, సుమారు 1,33,000 మంది మధ్య ప్రయోగం చేశారు. పాత చీరను కనీసం నాలుగు మడతలు వేసి నీళ్ళు వడపోసుకున్న ఇళ్ళల్లో కలరా 48 శాతం తగ్గింది. విడిగా ఉన్న విబ్రియోకు గుడ్డ అడ్డం కాదు. కాని అది అంటుకుని ఉన్న కోపిపాడ్ గుడ్డలో ఆగిపోతుంది. ఉతికి ఉతికి నలిగిన పాత గుడ్డకు నూలు పొంగి సందులు పూడుకుంటాయి కనుక, కొత్తదానికంటే పాతదే మేలు!

సెలవులకు వెళ్ళినప్పుడు ఇదంతా నాయనమ్మకు చెప్పి, ఆనాటి ఎగతాళికి తప్పొప్పుకున్నాను. ఆమె అంతా విని, “మరి తక్కిన సగం మాటేమిట్రా?” అని అడిగింది.

నా దగ్గర సమాధానం లేక కాదు. నీళ్ళు కాచుకోవాలి, క్లోరిన్ కలపాలి, మురుగు మంచినీటిలో కలవకుండా చూడాలి, రోగం వస్తే ఉప్పూ పంచదారా సరైన పాళ్ళలో కలిపిన నీళ్ళు వెంటనే పట్టించి ఆసుపత్రికి చేర్చాలి. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. అయినా ఏటా ప్రపంచంలో 13 లక్షల నుంచి 40 లక్షల మందికి కలరా సోకుతున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సగం పని చదువు లేని అవ్వలు పాత చీరలతో చేయగలిగారు. తక్కిన సగం చదువుకున్న మన వంతు.