పొద్దుతో మారే రుచి

1616లో సూరత్ రేవులో దిగిన ఎడ్వర్డ్ టెర్రీ అనే ఆంగ్ల మతాచార్యుడు, మొగలు దర్బారుకు రాయబారిగా వచ్చిన సర్ థామస్ రో పరివారంలో చేరి కొంతకాలం ఈ దేశంలో గడిపాడు. స్వదేశం చేరిన ఎన్నో ఏళ్లకు, 1655లో, ఆయన యాత్రాగ్రంథం వెలువడింది. అందులో కల్లు ప్రస్తావన ఉన్నది. సూర్యోదయానికి ముందు పుచ్చుకుంటే అది వైట్ వైన్‌కు ఏమాత్రం తీసిపోదనీ, ఎండ సోకిన పిమ్మట రుచి చెడి తలకెక్కుతుందనీ ఆయన అభిప్రాయం. నాలుగు శతాబ్దాలు గడిచినా కల్లును గురించి ఇంతకంటె సూటిగా చెప్పడం కష్టం.

టెర్రీ అడుగుపెట్టిన సూరత్‌లో నేడు వైన్ రుచి చూడడమంటే ప్రభుత్వ అనుమతి పత్రంతో పని. 1960లో గుజరాత్ రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచి అక్కడ మద్యనిషేధం అమలులో ఉన్నది. తీపి లేని వైన్‌నూ, మద్యం దొరకని రాష్ట్రాన్నీ ఆంగ్లంలో 'డ్రై' అనే ఒకే మాటతో పిలుస్తారు. అనువాదకులకు ఇటువంటివి తలనొప్పులు. 'పొడి వైన్' అని రాస్తే పాఠకుడు నవ్వుతాడు. వైన్‌ను 'ద్రాక్షాసవం' అంటే ఆయుర్వేద మందుల కొట్టు గుర్తుకు వస్తుంది.

అయినా సూరత్‌లో చలికాలపు ఉదయాలు రుచిలేనివి కావు. పులియకముందే దించిన తియ్యని నీరాను గ్లాసుల్లో పోసి అమ్ముతారు. గుజరాతీలు 'ఖజూరి' అని పిలిచే చెట్టు మన ఈతచెట్టే. నగరం దక్షిణపు అంచున, పాండేసరా పారిశ్రామికవాడను ఆనుకొని వడోద్ ఉన్నది. మరమగ్గాలూ, అద్దకం మిల్లులూ నిండిన ఈ ప్రాంతాలకు బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన వారిలో తెలంగాణ పద్మశాలీలు ఎందరో. అటువంటి ఒక నేత కుటుంబం ఇంట్లో నేను నీరా పుచ్చుకుంటుండగా, పక్కనే కూర్చున్న వృద్ధుడు ఒక్క గుటక వేసి ముఖం చిట్లించాడు. "సున్నం జర ఎక్కువేసిండ్రు బిడ్డా" అన్నాడు. నాకు తీపి తప్ప మరేమీ తెలియలేదు. నీరా పులియకుండా ఉండడానికి కుండ లోపల సున్నం పూస్తారు. ఊరు విడిచి ఎన్ని దశాబ్దాలైనా ఆ నాలుక దానిని పసిగట్టింది.

ఫ్రాన్సులో ఇటువంటి నాలుకకు గౌరవమున్నది. ఏ కొండవాలున, ఏ మట్టిలో పండిన ద్రాక్షో రుచిని బట్టి చెప్పగలవాడు అక్కడ పండితుడు. మన పల్లెల్లోనూ ఆ పాండిత్యం ఉన్నది గాని, కల్లు దుకాణం అరుగు మీద పుట్టింది కాబట్టి దానికి ఎవరూ శాలువా కప్పలేదు.

ఆ విద్య లోతు తెలియాలంటే తెలంగాణ గీత కార్మికుడిని కదిలించాలి. తాడిచెట్లన్నీ ఆయన దృష్టిలో ఒకటి కావు. పోతుతాడు వేరు, పండుతాడు వేరు. మగచెట్టు గెలల నుంచి వచ్చేది ఒక రుచి, కాయలు కాసే ఆడచెట్టు నుంచి ముదురు వేసవిలో వచ్చేది మరొక రుచి. ఈతకల్లు చలికాలపుది, తేలిక, తీపి. తాటికి లేత గెలను నొక్కి, కట్టి, కొనను రోజూ పలుచగా కోస్తారు. ఈతకు మొవ్వు కింద కాండాన్నే చెక్కుతారు. మోకూ, ముస్తాదూ కట్టుకొని ఉదయమూ సాయంత్రమూ ఎక్కవలసిందే; కోత ఆగితే ధార ఆగుతుంది. దించిన కల్లును తాటాకు దొన్నెలో పోయించుకొని తాగే అలవాటు ఇప్పటికీ ఉన్నది. పచ్చి ఆకు వాసన కూడా ఆ రుచిలో భాగమే.

తూర్పు కనుమల మన్యానికి వెళితే జీలుగు చెట్టు కనిపిస్తుంది. దాని పూగెలలు పైనుంచి కిందికి ఒక్కొక్కటే విచ్చుకుంటూ వస్తాయి. అట్టడుగు గెలతో చెట్టు ఆయువు తీరుతుంది. బాగా సాగే రోజుల్లో ఒక చెట్టు దినానికి 20 లీటర్లకు పైగా ఇవ్వగలదు. సింహళంలో ఈ చెట్టునే 'కితుల్' అంటారు. అక్కడ దాని నీరును కాచి పాకం చేసి, గేదెపెరుగు మీద పోసుకొని తింటారు. కేరళ కొబ్బరికల్లు రుచి మళ్లీ వేరు. అక్కడ దానికి తోడు ఎర్రని చేపలకూర.

ఇన్ని రుచులూ ఒకే రసాయన క్రియకు లోబడి ఉన్నాయి. చెట్టు నుంచి జారే నీరులో సుమారు పదోవంతు చక్కెర. గాలిలోని, కుండలోని ఈస్టులూ బాక్టీరియాలూ ఆ క్షణం నుంచే పని మొదలుపెడతాయి. కొద్ది గంటల్లో నురుగు, పులుపు. పొద్దు వాలేసరికి బీరుతో సమానంగా నాలుగైదు శాతం ఆల్కహాలు. మర్నాటికి వెనిగర్ దారి. ద్రాక్షరసాన్ని పీపాలో పోసి ఏళ్ల తరబడి నిలువ చేయవచ్చు, సముద్రాలు దాటించవచ్చు. కల్లుకు ఆ భాగ్యం లేదు. చెట్టుకూ దొన్నెకూ నడుమ ఎంత దూరం పెరిగితే అంత రుచి తరుగుతుంది.

కల్తీ ప్రవేశించినది సరిగ్గా ఆ దూరంలోనే. పట్నాలకు కావలసినన్ని చెట్లు లేవు, ఎక్కేవారు అంతకంటె తక్కువ. నీళ్లలో చక్కెర, శాకరిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మందులు వేసిన తెల్లని ద్రవం కల్లు పేరిట అమ్ముడవుతుంది. ఏళ్ల తరబడి దానిని తాగినవారికి హఠాత్తుగా మానితే వణుకు, మూర్ఛలు. 2015లో తెలంగాణలో కల్తీపై దాడులు జరిగినపుడు ఈ లక్షణాలతోనే జనం ఆసుపత్రుల్లో చేరారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు పలువురి ప్రాణాలు తీసింది. మృతుల్లో అధికులు రోజుకూలీలు, పేదలు. పోతుతాడుకూ పండుతాడుకూ తేడా తెలిసిన తాతల మనుమలు, చెట్టునే ఎరుగని ద్రవాన్ని కల్లుగా నమ్మి తాగారు. నాలుక మరచిపోతే ఎంత నష్టమో ఆ ఆసుపత్రి మంచాలు చెప్పాయి.

2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డున ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. శీతలీకరణ వల్ల నీరా పులియడం నెమ్మదిస్తుంది, నగరవాసికి కనీసం తొలి మెట్టు రుచి దొరుకుతుంది. మంచిదే. కాని నీరా ఒక్కటే కల్లు పరిచయం కాజాలదు; ద్రాక్షరసం తాగినవాడికి వైన్ ఎంత తెలుస్తుందో ఇదీ అంతే. రెండో మెట్టు కోసం తెల్లవారకముందే లేచి, నమ్మకస్తుడైన గీతగాని వెంట తాటివనానికి నడవాలి. కుండ దించి మూతికి పట్టిన జల్లెడలో తేనెటీగలు కనిపిస్తే చెట్టుకల్లేనని పల్లెల్లో ఒక గుర్తు. మొదటి దొన్నె తియ్యగా, గంట తరువాతి దొన్నె చురుక్కుమంటూ గొంతు దిగుతాయి. ఎండ పొడిచాక మూడో దొన్నె ఇస్తానన్నా, టెర్రీ మాట తలచుకొని వద్దనడమే మర్యాద.