క్రిస్పర్: ఉప్పు మడుల్లో పుట్టిన ప్రశ్న.. పదేళ్లకు దొరికిన జవాబు!

బ్యాక్టీరియా అనగానే మనకు జబ్బులే గుర్తొస్తాయి. మరి ఆ బ్యాక్టీరియాకే వైరస్ సోకితే..? వాటికీ ఓ రోగనిరోధక వ్యవస్థ ఉంది. పాత శత్రువును గుర్తుపెట్టుకుని, మళ్లీ వస్తే మట్టుబెట్టేస్తాయి. ఈ సంగతిని ముందుగా పసిగట్టిన వాళ్లలో స్పెయిన్‌కు చెందిన ఫ్రాన్సిస్కో మొహికా ఒకరు. ఇంతకీ ఆయన కథేంటి?

ఏం కనిపించింది?

1989లో మొహికా అలికాంటే యూనివర్సిటీలో పీహెచ్‌డీ మొదలుపెట్టారు. దగ్గర్లోని శాంటా పోలా ఉప్పు మడుల్లో దొరికిన ఓ సూక్ష్మజీవి ఆయన టాపిక్. అంత ఉప్పులో అదెలా బతుకుతోందని చూస్తుంటే, దాని డీఎన్ఏలో ఓ వింత కనిపించింది. 30 అక్షరాల ముక్క ఒకటి మళ్లీ మళ్లీ వస్తోంది. ఆ ముక్కల మధ్యలో మాత్రం ప్రతిసారీ వేరే అక్షరాలు! జపాన్ శాస్త్రవేత్తలు 1987లోనే ఈ.కోలి బ్యాక్టీరియాలో ఇలాంటివి చూశారు. కానీ అవెందుకున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు. 1993లో మొహికా వీటిపై పేపర్ రాశారు. వీటికి 'క్రిస్పర్' అనే పేరు సూచించింది కూడా ఆయనే.

గుట్టు ఎలా వీడింది?

2003లో ఆయన ఆ మధ్య ముక్కలను కంప్యూటర్ డేటాబేస్‌లో వెతికారు. ఈ.కోలిలోని ఒక ముక్క పీ1 అనే వైరస్‌ డీఎన్ఏతో సరిపోయింది. ఆ రకం ఈ.కోలికి పీ1 సోకదని అప్పటికే తెలుసు. అంటే స్టేషన్‌లో పాత దొంగల ఫొటోలు పెట్టినట్టు, బ్యాక్టీరియా తన డీఎన్ఏలో వైరస్ ముక్కలను దాచుకుంటోందన్నమాట.

కానీ ఈ పేపర్‌ను 'నేచర్' సహా పలు జర్నల్స్ తిప్పి పంపాయి. చివరికి 2005లో అచ్చయ్యింది. 2007లో డానిస్కో కంపెనీ శాస్త్రవేత్తలు పెరుగు బ్యాక్టీరియాతో దీన్ని నిరూపించారు. వైరస్ ముక్క చేరితే బ్యాక్టీరియా తట్టుకుంది, ఆ ముక్క తీసేస్తే మళ్లీ వైరస్ బారిన పడింది.

మనకేంటి లాభం?

2012లో ఇమ్మాన్యుయేల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా ఈ వ్యవస్థనే డీఎన్ఏను కోరిన చోట కత్తిరించే కత్తెరగా మలిచారు. 2020లో కెమిస్ట్రీ నోబెల్ ఆ ఇద్దరికే దక్కింది. మొహికా పేరు అందులో లేదు.

2023 నవంబర్‌లో బ్రిటన్ సికిల్ సెల్ వ్యాధికి క్రిస్పర్ చికిత్సను ఆమోదించింది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఎన్నో గిరిజన కుటుంబాలను వేధిస్తున్న జబ్బే ఇది. ఉప్పు నీళ్లలో ఓ జీవి ఎలా బతుకుతుందన్న చిన్న ప్రశ్న.. ఇక్కడిదాకా తెచ్చింది.