నల్లరాళ్ళ నడుమ సముద్రం

"మాస్టారూ, ఈ రాయిలో నత్త ఉందండీ!"

ఒకసారి మా తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు తెల్లని రాయి తెచ్చి నా బల్లమీద పెట్టాడు. మరమేకులా మెలికలు తిరిగిన గుల్ల అందులో అతుక్కుని ఉంది. నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా నురగ వచ్చింది. అంటే సున్నపురాయే.

"ఎక్కడిదిరా?" అన్నాను.

"రోడ్డు పక్క కంకర కుప్పలోదండీ."

ఆ జవాబు విని ఎందుకు నిరుత్సాహపడ్డానో చెబుతాను వినండి.

రాజమండ్రి నుంచి నేటి సముద్రతీరం దాదాపు 50 కిలోమీటర్ల దూరం. కాని గోదావరికి ఇవతల కాతేరులోనూ, అవతల పంగిడి, దుద్దుకూరు ప్రాంతాల్లోనూ నల్లరాతి క్వారీలు తవ్వితే సముద్రపు గుల్లలు బయటపడ్డాయి. అక్కడ రాళ్ళు దొంతరలుగా ఉన్నాయి. అడుగున గుల్లలున్న సున్నపురాయి. దానిమీద లావా గడ్డకట్టిన నల్లరాయి. మధ్యలో మళ్ళీ సున్నపురాతి పొర. ఆపైన మరో నల్లరాయి. ఈ లావా పడమటి కనుమల వైపునుంచి సుమారు 1000 కిలోమీటర్లు ప్రవహించి వచ్చిందని శాస్త్రజ్ఞుల అంచనా.

ఇదంతా ఎలా జరిగింది? తీరపు నీటి అడుగున బురద, సున్నం, చచ్చిన జీవుల గుల్లలు పేరుకుని, బిగిసి రాయి అయ్యాయి. అదే అవక్షేపశిల. దానిపై లావా పరుచుకుంది. లావా ఆగిన విరామంలో తిరిగి నీరు చేరి, కొత్త పొర ఏర్పడింది. కింది పొర పాతది, పై పొర కొత్తది. మడత పెట్టిన బట్టల దొంతర వంటిదే ఇదీ.

ఆ నడిమి పొరలో కంటికి ఆనని ఏకకణజీవుల గుల్లలున్నాయి. వీటిని ఫొరామినిఫెరా అంటారు. 2008లో గెర్టా కెల్లర్ బృందం వీటిని సూక్ష్మదర్శినితో పరిశీలించింది. అవి 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం రాక్షసబల్లులు అంతరించిన వెంటనే బతికిన రకాలని తేల్చింది. అంటే కింది లావా ఆ వినాశనానికి ముందుదో, ఆ సమయానిదో అన్నమాట! నాడు మెక్సికో వద్ద ఉల్క పడిన మాట నిజమే. మరి అగ్నిపర్వతాల పాత్ర ఎంత? ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అందులో మన గోదావరి రాళ్ళు సాక్షులు.

ఇప్పుడు తెలిసిందా నా నిరుత్సాహం? మావాడి నత్త కింది పొరదా, నడిమి పొరదా? వినాశనానికి ముందు బతికిందా, తర్వాతా? కంకర కుప్ప చెప్పలేదు. పుస్తకంలోంచి చిరిగిన కాగితానికి పేజీ నంబరు లేకపోతే ఎలా ఉంటుందో, అలాగే అయింది.

అందుచేత మీకు ఎక్కడైనా శిలాజం కనబడితే వెంటనే పెకలించకండి. క్వారీలోకి ఒంటరిగా దిగకండి. ఊరిపేరు, చోటు, పైన ఏ రాయి ఉందో, కింద ఏ రాయి ఉందో కాగితంమీద రాసి, బొమ్మ వేసి మీ మాస్టారికి చూపండి.

రాయి సగం కథే చెబుతుంది. మిగతా సగం అది ఉన్న చోటు చెబుతుంది.