బోయిన్ ఒడ్డున ఇంటి కుర్రాళ్లు

స్లేన్ చాలా చిన్న ఊరు. ఐర్లండ్‌లోని మీత్ కౌంటీలో, డబ్లిన్‌కు ఉత్తరాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఊరి నడిబొడ్డున నాలుగు రోడ్ల కూడలి, దాని నాలుగు మూలలా ఒకే పోలికతో నాలుగు పాతకాలపు ఇళ్లు. కిందికి దిగితే బోయిన్ నది, దాని మీద రాతి వంతెన. 5,000 ఏళ్ల నాటి న్యూగ్రేంజ్ సమాధి ఇక్కడికి దగ్గరే. 1917లో యుద్ధంలో చనిపోయిన కవి ఫ్రాన్సిస్ లెడ్విడ్జ్‌ది ఈ ఊరే. ఇంత చరిత్ర ఉన్నా, ఐర్లండ్‌లో ఎవరి దగ్గర స్లేన్ పేరెత్తినా వాళ్లకు ముందు గుర్తొచ్చేది రాక్ కచేరీ.

కారణం ఆ నేల. ఊరికి పడమర స్లేన్ కోట ఉంది. కోట పక్కనుంచి పచ్చిక వాలు నది వైపు దిగుతూ లోపలికి వంగి ఉంటుంది. అడుగున నదికి దగ్గరగా వేదిక కడతారు. జనం వాలంతా నిలబడతారు. వెనక ఉన్నవాడి కాళ్లకింద నేల ముందున్నవాడి కంటే ఎత్తు కాబట్టి ఎంత దూరాన ఉన్నా వేదిక కనిపిస్తుంది. 80,000 మంది పడతారు. మామూలు కచేరీలో గాయకుడు ఎత్తున ఉంటాడు, జనం తలెత్తి చూస్తారు. ఇక్కడ గాయకుడే తలెత్తి జనాన్ని చూడాలి. స్లేన్ గొప్పతనమంతా నాకు ఈ ఒక్క తేడాలోనే ఉందనిపిస్తుంది.

కోట నిర్వహణ ఖర్చులకు దారి వెతుక్కుంటున్న వారసుడు హెన్రీ మౌంట్‌చార్ల్స్ 1981 ఆగస్టు 16న ఇక్కడ మొదటి కచేరీ పెట్టించాడు. ఆ రోజు ప్రధాన బృందం థిన్ లిజ్జీ. దాని నాయకుడు ఫిల్ లైనట్ డబ్లిన్‌లోని క్రమ్లిన్ పేటలో పెరిగినవాడు. ఐర్లండ్ రాక్ సంగీతానికి ప్రపంచంలో చోటు సంపాదించిన మొదటి తరం మనిషి. అతనికి ముందు పాడిన చిన్న బృందాల్లో ఒకటి యూటూ. డబ్లిన్‌లోని మౌంట్ టెంపుల్ బడిలో లారీ ముల్లెన్ అనే కుర్రాడు నోటీసు బోర్డుకు అంటించిన కాగితంతో 1976లో పుట్టిన బృందం అది. అప్పటికి వాళ్ల రెండో ఆల్బమ్ ఇంకా బయటికి రాలేదు. ఆ మధ్యాహ్నం చూసినవాళ్లలో వీళ్లు ఇంతటివాళ్లవుతారని అనుకున్నవాళ్లు ఎందరో నాకు తెలియదు గానీ, ఆ వాలు మీద వాళ్లకు మొదటిసారి చోటు దొరికింది మాత్రం లైనట్ నీడలోనే. ఐర్లండ్‌లో ఒక బృందం తర్వాతి బృందానికి దారి చూపడం అంటే ఇదే.

యూటూకు ఈ కోటతో సంబంధం అక్కడితో ఆగలేదు. 1984లో స్టూడియోను కాదని కోటలోని పెద్ద నాట్యశాలలో పరికరాలు పెట్టుకుని ‘ది అన్‌ఫర్గెటబుల్ ఫైర్’ రికార్డింగ్ మొదలుపెట్టారు. ఆ ఆల్బమ్ అట్ట మీద కనిపించే శిథిలాలు స్లేన్‌వే అనుకుంటారు చాలామంది. కాదు, అవి వెస్ట్‌మీత్‌లోని మోయ్‌డ్రమ్ కోటవి. అదే ఏడు జులైలో బాబ్ డిలన్ ఇక్కడ పాడినప్పుడు యూటూ గాయకుడు బోనో వేదికెక్కి, మాటలు సరిగ్గా రాకపోయినా తోచినవి అల్లుతూ గొంతు కలిపాడు.

ఊరికి ఇదంతా సుఖంగా గడిచిందని చెప్పలేం. తిరునాళ్ల రోజున పల్లె ఎలా ఉంటుందో, అంతకు ఎన్నో రెట్లు ఊహించుకోవాలి. డిలన్ కచేరీ ముందు రాత్రి స్లేన్ వీధుల్లో అల్లర్లు చెలరేగి పోలీసు స్టేషన్ మీదే దాడి జరిగింది. తర్వాతి ఏళ్లలో కచేరీలకు వచ్చినవాళ్ల ప్రాణాలు నదిలో పోయాయి. ఈ వాలు వైభవం గురించి రాసేవాళ్లు ఆ కుటుంబాలను మరిచిపోకూడదు.

1991 నవంబరులో కోట అంటుకుని పెద్ద భాగం కాలిపోయింది. మళ్లీ తలుపులు తెరవడానికి పదేళ్లు పట్టింది. ఆ 2001లోనే యూటూ తిరిగి వచ్చింది, ఈసారి ప్రధాన బృందంగా. ఆగస్టు 25న ఒక కచేరీ అనుకుంటే టికెట్లు చాలక సెప్టెంబరు 1న రెండోది పెట్టారు.

ఆ రోజుల్లో బోనో తండ్రి బాబ్ హ్యూసన్ డబ్లిన్ ఆసుపత్రిలో క్యాన్సర్‌తో ఉన్నాడు. తపాలా శాఖలో పనిచేసిన మనిషి, ఒపెరా అంటే ప్రాణం. లండన్‌లో కచేరీ ముగించుకుని విమానమెక్కి రాత్రికి తండ్రి మంచం దగ్గరికి చేరేవాడు కొడుకు. ఆగస్టు 21న తండ్రి పోయాడు. నాలుగు రోజులకే స్లేన్ కచేరీ. పరాయి దేశంలో అయితే జనం సానుభూతి చూపిస్తారు, అంతే. ఇక్కడ మాత్రం ఆ వాలు మీద నిలబడ్డవాళ్లు పరామర్శకు వచ్చినవాళ్లతో సమానం. ‘కైట్’ పాట తండ్రికోసం పాడుతున్నప్పుడు అతను ఎవరికీ ఏమీ వివరించనక్కర్లేదు.

రెండో కచేరీ రోజు ఇంకో ముచ్చట. అదే రోజు డబ్లిన్‌లో ఐర్లండ్, నెదర్లాండ్స్ జట్లకు ప్రపంచకప్ అర్హత ఫుట్‌బాల్ మ్యాచ్. పదిమందే మిగిలిన ఐర్లండ్ జట్టు జేసన్ మెకటీర్ గోల్‌తో 1-0తో గెలిచింది. స్లేన్‌లో పెద్ద తెరల మీద ఆ మ్యాచ్ చూసి, గెలుపు ఊపులో ఉన్న 80,000 మంది ముందుకు వచ్చారు యూటూ నలుగురు. ఏ ఊళ్లోనైనా సరే, ఏ బృందానికీ అంతకంటే మంచి స్వాగతం దొరకదు.

ఆ రాత్రి చిత్రీకరణ 2003లో డీవీడీగా వచ్చింది. చూసేవాళ్లు ‘ఔట్ ఆఫ్ కంట్రోల్’ పాట దగ్గర ఆగండి. 1979లో వాళ్ల మొదటి రికార్డులో ఉన్న పాట అది. ఆ రికార్డు అప్పట్లో ఐర్లండ్‌లోనే విడుదలైంది. ప్రపంచానికి యూటూ ఎవరో తెలియని రోజుల్లో డబ్లిన్ దుకాణాల్లో దాన్ని కొన్న కుర్రకారు 2001 నాటికి నలభైల్లోకి వచ్చి ఉంటారు. ఆ పాట మొదలవగానే వాలు మీంచి లేచిన కేక వినండి. మిగతా పాటలకు వచ్చిన కేకకూ దానికీ తేడా మీకే తెలుస్తుంది.