తప్పిన పథ్యమును మరల పట్టు విధము

పథ్యమును పూనుట యొక విద్య; తప్పిన పథ్యమును మరల పట్టుట మరియొక విద్య. మొదటిదానిని గూర్చి చెప్పువారు పెక్కురు కలరు. వైద్యులు చెప్పుదురు, పత్రికలు వ్రాయును, ఇరుగుపొరుగువారు అడుగకున్నను చెప్పుదురు. రెండవదానిని గూర్చి చెప్పువారు అరుదు. అయినను మన పాఠశాలలో బిడ్డలను చదివించుకొనుచున్న తలిదండ్రులలో పలువురకు నేడు కావలసినది ఈ రెండవ విద్యయే. బియ్యము తగ్గించి, పప్పులు, పెరుగు, కూరలు పెంచి మూడు నెలలు శ్రద్ధగా నడచినవారు ధనుర్మాసపు ప్రసాదములతోనో, సంక్రాంతి పిండివంటలతోనో, దగ్గరి బంధువుల పెండ్లితోనో దారి తప్పుదురు. పిమ్మట "ఎట్లును తప్పినది గదా, ఉగాది వెళ్లిన పిదప చూతము" అని ఊరకుందురు. ఉగాది వెళ్లును, పథ్యము మాత్రము తిరిగి రాదు.

ఇది చిన్న విషయము కాదు. చెన్నైలోని మద్రాస్ డయాబిటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వారు భారత వైద్య పరిశోధనా మండలితో కలిసి దేశమంతట జరిపిన పరిశీలనల ఫలితములు 2023లో వెలువడినవి. వాటినిబట్టి మన దేశమున 10 కోట్లకు పైగా జనులకు మధుమేహము కలదు. మరి 13 కోట్లకు పైగా జనులు దాని వాకిట నిలిచియున్నారు. అదే పరిశీలనలో ఆహారమును గూర్చిన భాగము 2025లో ప్రకటితమైనది. భారతీయుడు పొందు శక్తిలో సుమారు 62 శాతము పిండిపదార్థములనుండియే వచ్చుచున్నదని అందు తేలినది. బిడ్డ పదవ తరగతికి వచ్చునప్పటికి తండ్రికి కన్నులో, మూత్రపిండములో చెడుట మొదలైనచో ఆ ఇంటి చదువు, సంపాదన, శాంతి అన్నియు కదలిపోవును. కావున పథ్యము తప్పుట యెట్టిది, మరల పట్టుట యెట్లు అను సంగతిని కొంచెము వివరముగా తెలిసికొనుట మేలు.

పథ్యమనగా ఎంత?

ఒక గ్రాము పిండిపదార్థము 4 కాలరీల శక్తినిచ్చును. దినమునకు 2,000 కాలరీలు తినువాడు అందులో 62 శాతము పిండిపదార్థములనుండి పొందినచో, అవి 310 గ్రాములగును. వైద్యులు సాధారణముగా దినమునకు 130 గ్రాములకు తక్కువైన దానిని స్వల్పపిండి ఆహారమందురు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకములు అంత కఠినముగా లేవు. ధాన్యములనుండి వచ్చు శక్తి 45 శాతము మించరాదని మాత్రమే అవి చెప్పును. ఈ సంస్థ మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1918లో నీలగిరులలోని కూనూరులో బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై రాబర్ట్ మెకారిసన్ ప్రారంభించిన చిన్న ప్రయోగశాలయే 1958లో హైదరాబాదునకు తరలి, పెరిగి, నేటి సంస్థ అయినది.

శాకాహారులకు ఇందొక చిక్కు కలదు. మాంసాహారికి మాంసకృత్తులు వేరుగను, పిండిపదార్థములు వేరుగను దొరకును. మనకు పప్పులలో రెండును కలిసియే యుండును. 100 గ్రాముల కందిపప్పులో మాంసకృత్తులు సుమారు 22 గ్రాములుండగా, పిండిపదార్థములు 55 గ్రాములకు పైగా నుండును. కావున పాలు, పెరుగు, పనీరు, వేరుసెనగలు, సోయాచిక్కుడు మన పథ్యమునకు ఆధారములు కావలెను. ఇక బియ్యము మాని రాగిసంకటి తినినచో పథ్యమైనట్లే యను నమ్మకము మనవారిలో బలముగా నున్నది. 100 గ్రాముల బియ్యములో పిండిపదార్థములు సుమారు 78 గ్రాములు. రాగులలో 66 మొదలు 72 గ్రాముల వరకు. కొఱ్ఱలలో సుమారు 60 గ్రాములు. రాగులలో సున్నము, పీచు ఎక్కువ. అది గొప్ప గుణమే. కాని మొత్తము తగ్గింపక బియ్యమునకు బదులు గోధుమపిండియో, చిరుధాన్యముల పిండియో వాడినంతమాత్రమున మధుమేహ భయము తగ్గినట్లు 2025 నాటి పరిశీలనలో కనబడలేదు. పిండిపదార్థములలో కొంత భాగమును తీసివేసి, ఆ చోట పప్పుల మాంసకృత్తులనో పాల మాంసకృత్తులనో ఉంచినప్పుడే భయము తగ్గుట కనబడినది.

తప్పినప్పుడు శరీరమున జరుగునదేమి?

నాలుగు దినముల పెండ్లి భోజనముల తరువాత త్రాసు ఎక్కినవాడు రెండు కిలోలు పెరిగియుండుట చూచి గుండె చెదరును. "మూడు నెలల శ్రమ నాలుగు దినములలో పోయెను" అనుకొనును. ఈ లెక్క తప్పు. మన శరీరము పిండిపదార్థములలో కొంత భాగమును గ్లైకోజెన్ అను రూపమున దాచును. కాలేయమున సుమారు 100 గ్రాములు, కండరములలో సుమారు 400 గ్రాములు. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకొని యుండును. పథ్యములో నున్నప్పుడు ఈ నిలువ తగ్గును. విందు తినగానే నిండును. పెరిగిన రెండు కిలోలలో అధికభాగము ఈ నిలువయు, దాని నీరును, ఉప్పు నిలిపిన నీరును మాత్రమే. ఒక కిలో క్రొవ్వు కూడుటకు అవసరమునకు మించి సుమారు 7,700 కాలరీలు తినవలెను. నాలుగు దినములలో రెండు కిలోల క్రొవ్వు కూడవలెనన్న, దినమునకు 3,800 కాలరీలకు పైగా అదనముగా తినవలసియుండును. ఎంత లడ్డూప్రియునకైనను అది సులభసాధ్యము కాదు.

మరియొక సంగతి. కొంతకాలము పిండిపదార్థములను తగ్గించిన శరీరము వాటిని ఒక్కసారి ఎక్కువగా తినినప్పుడు వెంటనే సర్దుకొనలేదు. ఆ దినము రక్తములో చక్కెర మామూలు కంటె ఎక్కువగా కనబడవచ్చును. గ్లూకోజు త్రాగించి చేయు పరీక్షకు ముందు మూడు దినములు చాలినంత అన్నము తినుమని వైద్యులు చెప్పుటకు ఇదియే కారణము. కావున విందు మరునాటి చక్కెర సంఖ్యను చూచి వ్యాధి ముదిరినదని బెదరరాదు. సుమారు మూడు నెలల సగటును తెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్షయే నమ్మదగినది. నాలుగు దినముల తప్పు అందు కనబడీ కనబడకుండును. ఆరు వారముల తప్పు స్పష్టముగా కనబడును.

ఇందువలన తేలునది ఒక్కటే. చెఱుపు చేయునది తప్పిన దినము కాదు, తప్పిన దినము తరువాత గడచిపోవు వారములు.

మనస్సు చేయు మోసము

1975లో హెర్మన్, మాక్ అను మనశ్శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగము చేసిరి. ఆహారనియమము పాటించువారికి మొదట చిక్కని తీపి పాలు త్రాగించి, తరువాత ఐస్‌క్రీము ఇష్టము వచ్చినంత తినుమనిరి. మొదట పాలు త్రాగినవారు తక్కువ తినవలసినది. కాని నియమపరులు ఎక్కువ తినిరి. నియమము ఎట్లును చెడినది, ఇక దాచుకొనుటకేమున్నదని వారి మనస్సు తలచినదన్నమాట. మన సంక్రాంతి అరిసె కథయు ఇదియే. మొదటి అరిసె చేసిన హాని స్వల్పము; "ఇక ఏమున్నది" అను మాట తినిపించిన ఎనిమిది అరిసెలు చేసిన హాని గొప్పది.

దీనికి విరుగుడు వంటి సంగతి యొకటి లండనులోని యూనివర్సిటీ కాలేజి వారి పరిశోధనలో కలదు. 2010లో ప్రకటితమైన ఆ పరిశోధనలో 96 మంది క్రొత్త అలవాటును పూనిరి. అది స్వభావమై కుదురుటకు నడిమి లెక్కన 66 దినములు పట్టినది. కొందరికి 18, కొందరికి 254. నడుమ ఒక్క దినము తప్పినవారికి అలవాటు కుదురుటలో చెప్పదగిన ఆటంకము కలుగలేదు. జ్వరము వచ్చి పది దినములు బడి మానిన బాలుని మరల ఒకటవ తరగతిలో కూర్చుండబెట్టము గదా! ఆగిన పాఠమునుండి మొదలు పెట్టుదుము. పథ్యమును అట్లే.

మరల పట్టు క్రమము

మొదటిది: తరువాతి పూటయే మొదలు పెట్టవలెను. సోమవారమును, పౌర్ణమిని, నెల మొదటి తేదీని వెదకరాదు.

రెండవది: తినినదానికి ప్రాయశ్చిత్తముగా ఉపవసింపరాదు. లంకణము పరమౌషధమను మాటను తెచ్చి ఇక్కడ అతికించుట సరికాదు. ఉపవాసము సాయంకాలమునకు తీవ్రమైన ఆకలిగా మారి, రాత్రి మరల తప్పించును. మధుమేహమునకు మందు వాడువారికి అది అపాయకరము కూడ.

మూడవది: తీసివేయుటకంటె ముందు చేర్చవలెను. మొదటి రెండు దినములు అన్నమును గూర్చి చింతింపక, ప్రతి పూట పప్పో, పెరుగో, పనీరో, గుప్పెడు వేరుసెనగలో, రెండు కూరలో విస్తరిలో ముందుగా పడునట్లు చూడవలెను. అవి తిని, పిదప అన్నము కలుపుకొన్నచో అన్నము తనంతట తగ్గును. మూడవనాటినుండి బియ్యమును కొలిచి సగము చేయవలెను. ఒక్కసారిగా మాన్పించినచో అలవాటు లేని ఔపాసనమునకు మీసములు కాలినట్లగును.

నాలుగవది: గ్లైకోజెన్‌తో పాటు నీరును, ఉప్పును శరీరమునుండి పోవును గనుక మొదటి నాలుగైదు దినములు తలనొప్పి, నీరసము, లేచినప్పుడు కన్నులు తిరుగుట కలుగవచ్చును. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, చారు త్రాగినచో ఇవి తగ్గును. రక్తపోటు, గుండె, మూత్రపిండముల వ్యాధి కలవారు ఉప్పు విషయమున వైద్యుని అడుగవలెను.

ఒక దినపు భోజనము ఈ విధముగా నుండవచ్చును. ఉదయము 60 గ్రాముల పెసలతో పోసిన పెసరట్లు, బెల్లము లేని అల్లపుపచ్చడి. మధ్యాహ్నము 40 గ్రాముల బియ్యపు అన్నము, 40 గ్రాముల కందిపప్పుతో ముద్దపప్పు లేక తోటకూరపప్పు, బీర, పొట్ల, వంకాయ, బెండ వంటి కూరలు, ఒక గిన్నె పెరుగు. సాయంకాలము 30 గ్రాముల వేరుసెనగలు. రాత్రి 100 గ్రాముల పనీరుతో కూర, 30 గ్రాముల పిండితో ఒక రొట్టె, మజ్జిగ. ఇందులో పిండిపదార్థములు సుమారు 130 గ్రాములు, మాంసకృత్తులు సుమారు 60 గ్రాములుండును. శరీరపు బరువులో కిలో ఒక్కింటికి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెనను లెక్కకు ఇవి పెక్కుమందికి చాలును. బంగాళాదుంప, చేమ, కంద, పెండలము కూరలుగా కనబడినను పిండిపదార్థముల పక్షమే.

మందులు వాడువారికి ముఖ్య హెచ్చరిక

ఈ వ్యాసమున అన్నిటికంటె జాగ్రత్తగా చదువవలసినది ఈ భాగము. పథ్యము తప్పిన కాలమున చక్కెర పెరిగినదని వైద్యుడు మందు మోతాదు పెంచియుండవచ్చును. ఇప్పుడు రోగి వైద్యునితో చెప్పక అన్నము సగము చేసినచో, పెరిగిన మోతాదు అతనిని పడద్రోయును. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడువారికి ఈ భయము ఎక్కువ. చెమట, వణకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, తికమక మాటలు దీని గురుతులు. చక్కెర 70 మిల్లీగ్రాములకు తగ్గినచో వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగి, పదునైదు నిమిషములకు మరల పరీక్షించుకొనవలెను. రోగికి స్పృహ లేనిచో నోట ఏమియు పోయక ఆసుపత్రికి చేర్చవలెను. ఆ సమయమున పథ్యమును తలచరాదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడువారు పిండిపదార్థములను మిక్కిలి తగ్గించినచో రక్తము ఆమ్లముగా మారు అపాయము కలదు. కావున మందు వాడు ప్రతివారును పథ్యము తప్పిన సంగతిని, మరల మొదలు పెట్టు సంగతిని వైద్యునికి దాచక చెప్పవలెను. మెట్‌ఫార్మిన్ చాలకాలముగా వాడు శాకాహారులు బి12 విటమిను పరీక్ష చేయించుకొనుట మంచిది. గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు, ఎదుగు బిడ్డలకు ఈ పథ్యము తగదు.

పథ్యమును మంత్రముగా భావింపరాదు. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 609 మందిపై ఒక సంవత్సరము జరిపిన పరిశోధనలో, పిండి తగ్గించినవారికిని క్రొవ్వు తగ్గించినవారికిని బరువు తగ్గుటలో చెప్పదగిన భేదము కనబడలేదు. ఎవరు ఏ మార్గమున ఎక్కువ కాలము నిలువగలరో వారికి అదియే మేలైన మార్గము. కాబట్టి 130 గ్రాములు రెండు మారులు తప్పించినచో, 200 గ్రాములకు దిగి నిలుచుట సిగ్గుపడవలసిన పని కాదు. అట్లే ముందు రాబోవు పండుగలను క్యాలెండరులో గుర్తించి, ఆనాడు ఏ పిండివంట ఎంత తిందుమో ముందే నిశ్చయించుకొన్నచో అది తప్పు కాదు, నియమములోని భాగమే యగును.

తుదకు తలిదండ్రులకొక విన్నపము. బిడ్డల యెదుట "ఈ దినము పాపము చేసితిని, లడ్డు తింటిని" అనకుడు. అన్నమును పాపమని వినిన బిడ్డ దానిని దాచి తినుట నేర్చును. పండుగనాడు ఒక లడ్డు సంతోషముగా తిని, మరునాటి ఉదయము మామూలుగా పెసరట్టుకు కూర్చుండు తల్లిని చూచిన బిడ్డ మరియొకటి నేర్చును. పడినచోటనే కూర్చుండక లేచి నడచుట ఎట్లో ఆ బిడ్డకు ఎవరును పాఠముగా చెప్పనక్కరలేదు.